ఆరు తమ్మెల కణం

గోండర్‌లో రాత్రి రెండున్నర.
కరెంటు పోయి, వచ్చి, ఇంకా ఆలోచిస్తోంది.
వార్డు నుంచి పరుగున వచ్చిన గొట్టంలో
రక్తం పలచగా, దానిమ్మ షర్బత్తులా.

వుబాలెం. ఇరవై ఆరేళ్ళు. ఏడో నెల.
ప్లేట్‌లెట్లు పంతొమ్మిది వేలు.
కళ్ళు పచ్చన.
రక్తం తనలో తానే విరిగిపోతోంది.
పైన డాక్టర్ అస్రాత్ అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు:
"గర్భమే విషమైంది. బిడ్డను తీసేస్తేనే తల్లి దక్కేది."
కిలో తూగని బిడ్డ.
ఇంక్యుబేటర్ ఒక్కటే,
అందులో ఇప్పటికే ఇద్దరున్నారు.

బీపీ మాత్రం నూటపది, డెబ్భై.
నర్సు ఫెట్లెవర్క్ మూడుసార్లు చూసి
మిషన్‌ని తిట్టింది.

నేను కింద ల్యాబులో
గాజుపలక మీద చుక్క పరిచాను.
రంగు పోశాను. ఆరడానికి ఊదాను
(ఊదకూడదు, తెలుసు).

విరిగిన ముక్కలున్నాయి, డాక్టరు భయపడ్డవే.
వాటి మధ్య ఎర్రకణాలు
కోడిగుడ్లలా సాగి, ఉండాల్సినదానికన్నా పెద్దవై.
అంచున ఒక తెల్లకణం.
దాని నడిగింజకు మూడు తమ్మెలుంటాయి, మహా అయితే నాలుగు.
లెక్కపెట్టాను. ఆరు.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ. ఆరు.
పక్కదానికీ.

విషం ఈ పని చెయ్యదు.
ఇది ఆకలి పని. కడుపు నిండా తిన్నా
లోపల ఒక్కటి అందక మిగిలిపోయే ఆకలి.

మెట్లెక్కి వెళ్ళి
"నాలుక చూపించు" అన్నాను.
నా ఉద్యోగం కాదది.
చూపించింది. ఎర్రగా, నున్నగా,
వందేళ్ళు తొక్కిన మెట్టురాయిలా.
"పోయిన వానల నుంచి కారం తగిలితే మంట,
షిరో కూడా చప్పగానే తింటున్నా."
కాళ్ళు?
"ఉన్ని మీద నడుస్తున్నట్టు."
ఎవరికీ చెప్పలేదా?
"కడుపు గురించే అడిగారు."

ఏడో ఏట మొదలుపెట్టిన ఉపవాసాలు.
బుధ, శుక్రవారాలు, ఈస్టర్ ముందు యాభై అయిదు రోజులు,
పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం లేదు.
ఇద్దరు కడుపులో నిలవలేదు.
మూడోది నిలవాలని మొక్కుకుని
మిగిలిన రోజుల్నీ కలిపేసుకుంది.
గర్భిణికి ఉపవాసం అక్కర్లేదని చర్చి పెద్దాయన చెప్పాడట.
"ఆ మాట నిలిచినవాళ్ళకి" అంది.

అస్రాత్ మైక్రోస్కోపు మీదికి వంగి
చాలాసేపు లేవలేదు.
తర్వాత గ్లవ్స్ విప్పాడు.
"పొద్దున దాకా చూద్దాం."
అతని నోట నేను విన్న పెద్ద మాట అదే.

సూదిమందు సీసా ఎర్రగా ఉంటుంది, ఎండు గులాబీ ఎరుపు.
ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది:
"తెల్లారితే బుధవారం. ఇందులో మాంసం ఉందా?"
"ఉంటే ఆ పాపం నాది" అని
ఫెట్లెవర్క్ పొడిచేసింది.

ఆరో రోజు స్లైడు నిండా లేతకణాలు,
బడి వదిలినట్టు.
బిడ్డ లోపలే ఉంది. తన్నుతోందని కబురొచ్చింది.

అందరూ ల్యాబుకొచ్చి నా భుజం తట్టారు.
తలుపు వేసుకుని పాత రిజిస్టరు తీశాను.
నాలుగు నెలల క్రితం, మంగళవారం,
పొడవాటి క్యూ ఉన్న రోజు:
వుబాలెం. రక్తహీనత. ఐరన్ మాత్రలు చాలు.
స్లైడు చూడలేదు. చూసినట్టు టిక్కు పెట్టి ఉంది.
అక్షరాలు నావే,
గుండ్రంగా, చాలా అందంగా.