బోరు మార్పిడి

అర్జీలో "బోరు మార్పిడి" అని రాశాను.
ముమ్మిడివరం ఆఫీసులో గుమాస్తా
ఎన్ని అడుగుల్లో ఉప్పు తగిలిందన్నాడు.

నీళ్ల బోరు కాదండి,
మా మావయ్యగారి రివాల్వరుది.
ముప్పై ఎనిమిది చెల్లదంట,
ముప్పై రెండైతే పరవాలేదంట.

కాగితం కలెక్టరేటుకెళ్లి తిరిగొచ్చేలోగా
రెండు పంటల రొయ్య తెల్లమచ్చకి పోయింది.
కాకినాడలో సత్తార్ సాయిబు గొట్టం మార్చి,
కొత్త నెంబరు చెక్కి, పొడి ఊది
చేతిలో పెట్టాడు.
తోలు ఒరకి మాత్రం ఎవరూ చెప్పలేదు,
ఇంకా పాత కొలతే పట్టుకు కూర్చుంది.

ఇంతలో ఎలక్షన్లు.
స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాను.

పొద్దున్నే చెరువు మీద నీటికాకులు.
రెండు సత్తు పళ్లేలు మోగించాను.
ఏ బోరని ఒక్కటీ అడగలేదు.
లేచినట్టే లేచి
అవతలి గట్టున వాలాయి.