నేల తుడిచేవాడి లెక్క

రాత్రి పదకొండు దాటాక ఆ భవనం నాది.
బకెట్టు, తుడుపుకర్ర, నడుముకి పద్నాలుగు తాళంచెవులు.
తలుపు సందుల్లోంచి ఓక్లహోమా గాలి
ఎర్రమన్ను తెచ్చి నేను తుడిచిన చోటే పోసేది.

పగలు అక్కడ చదువు చెప్పేవారు,
మేబెల్ అనే చింపాంజీకి.
గొంతు దానికి సహకరించదట. అందుకని వేళ్ళు పట్టుకుని,
వంచి, మడిచి, ఆపిల్ ముక్క ఆశ చూపి
బధిరుల సైగలు నేర్పేవారు.
గోడ మీద పట్టిక: నూట ముప్పై రెండు మాటలు.
ప్రతి మాట పక్కనా రెండు సంతకాలు.
డాక్టర్ హాల్వర్సన్ నియమం అది:
శిక్షణ లేని కన్ను చూసింది మాట కాదు, కదలిక.

నా కంటికి శిక్షణ లేదు.
ఉన్నదల్లా ఎనిమిదేళ్ళ రాత్రులు.
పారేసిన కాగితాల్లో బొమ్మలుండేవి,
ఏ వేలు ఎటు తిరిగితే ఏ మాటో.
చెత్తబుట్టే నా బడి.
"ఇంకా" అంటే రెండు చేతుల వేలికొసలు తాకించడం.
"క్షమించు" అంటే పిడికిలితో గుండె మీద సున్నా చుట్టడం.
దాన్ని మేబెల్ కరవబోయే ముందే చేసేది,
ముందుగా కట్టేసిన జరిమానాలా.

మా అమ్మమ్మ మస్కోగీ మనిషి.
ఏడేళ్ళప్పుడు బడి బండి వచ్చి ఎక్కించుకుపోయింది.
అక్కడ తన మాట నోటికొస్తే
సబ్బుముక్క నాలుక మీద పెట్టి నోరు మూయించేవారు.
తర్వాత ఎన్నేళ్ళు బతికినా
ఆ భాషలో మాతో మాట్లాడింది లేదు.
కుక్కతో, కోళ్ళతో అంటుంటే
చాటుగా విని ఏరుకున్నవే మాకు మిగిలినవి.
నోరు లేని జీవాల దగ్గరే
ఆమెకి నోరుండేది.

ఇప్పుడు అదే నేల, అదే ఎర్రమన్ను,
ఒక జంతువు చేతిలోంచి ఒక్క మాట రాల్చడానికి
వాషింగ్టన్ నుంచి డబ్బు.
నాకు కోపం రావాలి. వచ్చింది కూడా,
బకెట్లో సబ్బు నురగ చూస్తూ నిలబడిపోయిన రాత్రులు.
కానీ అది మేబెల్ మీదికి మళ్ళలేదు.
దాన్నీ ఎవరూ అడిగి తీసుకురాలేదు కదా.

నేను రాగానే కమ్మీల దగ్గరికొచ్చి
ఎడమ అరచేతిలో కుడి చూపుడువేలి కణుపు పెట్టి తిప్పేది.
తాళంచెవి.
నా నడుము వైపు చూసి, మళ్ళీ. తాళంచెవి.
అది అడగడమో, వస్తువుకి పేరు చెప్పడమో,
ఆపిల్ కోసం అలవాటైన వేళ్ళ ఆటో,
దీని మీద పెద్ద పెద్దవాళ్ళు తగువులాడారని విన్నాను.
నాకు తెలిసింది ఇంతే:
నా దగ్గర ఆపిల్ ఎప్పుడూ లేదు.

తిరిగి సైగ చేస్తే నా ఉద్యోగం పోతుంది.
అందుకని నోటితో అనేవాణ్ణి, "మతో."
మాలో కృతజ్ఞత చెప్పే మాట.
దేనికి కృతజ్ఞత? అడక్కండి. నాకొచ్చిన నాలుగైదింటిలో అదొకటి.
దాని ముందు అంటే ఎవరూ సబ్బు తేరు.

డెబ్బై ఎనిమిది మార్చిలో డబ్బు ఆగింది.
కామెర్ల మందు పరీక్షించే ల్యాబ్ నుంచి వ్యాన్ వచ్చింది.
తాళాలు నా దగ్గరున్నాయని నన్ను పగటిపూట పిలిపించారు.
డాక్టర్ హాల్వర్సన్ రాలేదు.
కార్లీన్ అనే విద్యార్థిని గోడ మీది పట్టిక చుట్టచుట్టి
చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది, వెనక్కి చూడకుండా.
డ్రైవర్ కాగితం చాచాడు:
ఒకటి. ఆడ. తొమ్మిదేళ్ళు. పళ్ళు బాగున్నాయి.
మాటలకి గడి లేదు.
కింద సంతకం, లూథర్ ఫిక్సికో.

బోను సందులోంచి రెండు చేతులూ బయటికొచ్చాయి.
అరచెయ్యి, కణుపు, ఒక తిప్పు.
డ్రైవరు, వాడి సహాయకుడు, నేను. ముగ్గురు సాక్షులం.
ఒక్కరికీ శిక్షణ లేదు.
"దురద కాబోలు," అన్నాడు డ్రైవరు.

నా ఒక చేతిలో కాగితం, కలం.
ఆ మాటకి రెండు చేతులు కావాలి.
జేబులో వేలు వంచి తిప్పాను,
అరచెయ్యి లేకుండా.