ఎనుక పక్క

సల్మాబాద్ క్యాంపుల పదింటికి లైటు ఆర్పుతరు.
పై మంచం కబీరుది, కింది మంచం నాది.
చీకట్ల నా ఫోనొక్కటే.
దాని అద్దం మీద పగులు,
ఈ మూల నుంచి ఆ మూల దాకా.
ఏ బొమ్మ చూసినా పగులుతోనే చూస్త.
కొన్ని బొమ్మలకైతే అదీ గీసినోడే పెట్టిండనుకున్న.

ఎట్ల మొదలైందో చెప్తే నవ్వుతరు.
పానా సైజుల కోసం వెతికిన.
సైజులు దొరకలే.
తాగి పారేసిన చాయ్ పొట్లాల మీద
సముద్రం గీసిన మనిషి దొరికిండు.
పొట్లానికొక అల. నూట పన్నెండు అలలు.
చాయ్ మరక ఎక్కడ ఆగితే అక్కడ ఒడ్డు.

ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇంకో రోజు ఇంకొకామె:
మొగని పని అంగీ మీద
ఎండిన చెమట ఉప్పు గీతల్ని ఉతకకుండ
నీలి దారంతోని అంచులు కుట్టింది,
దేశపటం లెక్క.
నా అంగీ ఇప్పి చూసుకున్న.
నాకూ ఉన్నయి దేశాలు, రెండు చంకల కింద,
ఎవలూ పేర్లు పెట్టనియి.

ఒకడు పెన్సిల్ మొన మీద నిచ్చెన చెక్కిండు.
పదమూడు మెట్లు.
నేను రోజూ ఎక్కే నిచ్చెన నలభై అంతస్తులది,
దాన్నెవలూ గట్ల ఊపిరి బిగబట్టి చూడలే.

డేటా బుధవారానికే అయిపోయేది.
"రోజూ ఏం చూస్తవ్, పోరిలనా?" అడిగిండు కబీరు.
చూపించిన.
శానసేపు చూసి, "దీనికి పైసలిస్తరా?" అన్నడు.
తెల్వదన్న.
ఫోను తిరిగియ్యలే.

కాని నాకొక కొరత ఉండె.
సిరిసిల్లల పుట్టినోడు
బట్ట చేతికొస్తే ముందుగాల ఎనుకకు తిప్పుతడు.
మా నాయిన తిప్పేటోడు, ఆయన నాయిన తిప్పేటోడు.
ముంగట పక్కను ఎవలైనా నవ్విస్తరు.
ముడి ఎక్కడ దాసిండో, పోగు ఎక్కడ తెగిందో,
నేసినోడు ఏ పూట ఆకలి మీదున్నడో
ఎనుక పక్కనే తెలుస్తది.
ఫోను తిప్పితే ఏముంటది,
అమ్మిన దుకాణపోని స్టిక్కరు.

మొన్న ఒక బట్ట కనబడ్డది.
కూలీలు పారేసిన నూలు గ్లౌజులు
ఇప్పి, దారం తీసి, కండెలు చుట్టి నేసిన బట్ట.
పదకొండు గజాలు. నేసినామె బద్రియా అట.
ఊరు చూస్తే ముహర్రక్.
బస్సుకు మూడు వందల ఫిల్సు!

శుక్రారం తలకు నూనె రాసుకొని పోయిన.
సన్న గల్లీలు, సముద్రపు రాయి గోడలు,
ఎవలింట్లనో చేపలు ఏగుతున్న వాసన.
తలుపుకాడి వాచ్‌మన్ నా చెప్పుల దిక్కు చూసిండు,
అటెన్క ముఖం దిక్కు.
"ఏ ఊరు?" అన్నడు, మన మాటనే.
గంగనర్సు. కోరుట్ల పక్కన.
"పో. ముట్టకు. పది నిమిషాలు."

లోపట ఏసీ గాలికి బట్ట కదులుతాంది.
పగులు లేదు దాని మీద. ముందుగాల గదే తెలిసింది.
గోడకూ బట్టకూ నడుమ జానెడు సందు.
వంగి తల దూర్చిన.

ఆడున్నయి.
ముడులు. కొన్ని మంచియి,
కొన్ని చిన్నపిల్లలు కట్టినట్టు.
దారానికి సిమెంటు బూడిద ఇంకా పోలే.
ఒక కాడ పొడుగు ఎంటిక, ఆమెదే కావచ్చు,
పేకలో కలిసి నేతల పడ్డది.
మూడో గజంల పోగు తప్పింది.
తప్పిందని తెలిసీ ఇప్పలే, ముందుకే నేసింది.
మా నాయినైతే తిట్టేటోడు,
తిట్టి, గదే జాగను అరచేత నిమిరేటోడు.

"గోడల ఏమున్నదే?" గంగనర్సు వచ్చిండు.
"మనోళ్ల గ్లౌజులు" అన్న.
ఆయన గూడ తల దూర్చిండు.
ఇద్దరం గోడకు చెంపలానిచ్చి నిలబడ్డం.
పది నిమిషాలు ఎప్పుడో దాటింది.

శనివారం సైటుల కొత్త గ్లౌజులిచ్చిండ్రు.
పాతయి పారెయ్యలే.
బొటనేలు కొసకు పోగొకటి లేసి ఉండె,
గుంజి చూసిన.
వస్తాంది.