కొయ్య బాకా

లేయోకాది సంచిలో ఏముండేవో నాకిప్పటికీ కంఠతా:
బొడ్డు కోసే కత్తెర, నార దారం, అరిగిన సబ్బు ముక్క,
సగం ఖాళీ అయిన కార్బాలిక్ సీసా,
కడుపు మీద ఆనించి బిడ్డ గుండె వినే కొయ్య బాకా.
నాకు పదహారేళ్ళు. సంచి మోసేది నేనే,
దీపం మోసేదీ నేనే.
నోరు మూసుకోవడం ఆవిడ నేర్పింది.

పద్దెనిమిదో సంవత్సరం జనవరి, మ్యూజ్ నది ఒడ్డు.
రాత్రి ఎనిమిది దాటితే వీధిలో కుక్క కూడా తిరగకూడదు.
మంత్రసాని తిరగొచ్చు.
జర్మన్ల ఊదా ముద్ర పడిన చీటీ ఉండేది ఆవిడ దగ్గర.
పురుడు కర్ఫ్యూ మాట వినదు కదా.

ఆ రాత్రి పట్టాల పక్కన గేటుకాపరి ఇల్లు.
వాణ్ణి సెప్టెంబరులోనే జైలుకి తోలుకుపోయారు.
పెళ్ళాం ఫెర్నాండ్‌కి తొలి కాన్పు.
పరుపులో ఉన్ని సైన్యం పట్టుకుపోయింది,
రాగి గిన్నెలూ, తలుపు పిడులూ కూడా.
గడ్డి మీద పడుకుని మూలుగుతోంది.
లేయోకాది గడియారం తీసింది.
నొప్పికీ నొప్పికీ మధ్య ఎంత,
రైలుకీ రైలుకీ మధ్య ఎంత,
ఒకటే కాగితం, ఒకటే పెన్సిలు.
నేను కిటికీ దగ్గర.
మూసిన పెట్టెలు ముప్ఫై నాలుగు.
గుర్రాలవి పన్నెండు (చూడక్కర్లేదు, వాసన చాలు).
టార్పాలిన్ కింద పొడుగ్గా ఉన్నవి ఆరు.
"ఎన్ని?" అంది వెనక్కి తిరక్కుండా.
"ఆరు."
"నిన్ను కాదు ఫెర్నాండ్, నువ్వు ముక్కు."

మూడింటికి ఆడపిల్ల.
ఏడవాలా వద్దా అని కాస్త ఆలోచించింది.
సరిగ్గా అప్పుడే అటునుంచి ఆస్పత్రి రైలు,
తెల్ల తెరల కిటికీలు, మెల్లగా, ఎంతకీ తరగకుండా.
ఒక చేత్తో బిడ్డని తుడుస్తూ
రెండో చేత్తో అదీ రాసుకుంది.

కాగితాన్ని సన్నగా చుట్టి
బాకా గొట్టంలోకి దూర్చింది. పైన దూది.
నా చేతులు వణకడం చూసి,
"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొచ్చినా పట్టాలి," అంది.

వంతెన దగ్గర ఆపాడు.
కుర్రాడేం కాదు, నలభై ఉంటాయి,
చెవుల చుట్టూ ఎవరో అల్లిచ్చిన మఫ్లరు.
సంచి బోర్లించాడు. సబ్బు వాసన చూశాడు,
రెండోసారి కూడా చూశాడు.
బాకా చేతిలోకి తీసుకుని, వచ్చీరాని ఫ్రెంచిలో,
"మా ఆవిడకి ఏడో నెల," అన్నాడు.
చెవికి ఆనించుకున్నాడు.
కింద నదిలో మంచుపెచ్చులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
"ఏమీ వినబడదే."
"అటు చివర కడుపుండాలి బాబూ," అంది లేయోకాది.
నవ్వాడు, పెద్దగా, ఆ వెంటనే సిగ్గుగా.
బాకాని కోటు చేతికేసి తుడిచి మరీ ఇచ్చాడు.

వంతెన దాటి, మలుపు తిరిగాక,
ఆవిడ గట్టున కూర్చుని డోకుంది.
లేచి, మూతి తుడుచుకుని, నడిచింది.

కాగితం చెప్పులు కుట్టేవాడికి,
అక్కణ్ణించి పడవ సరంగుకి,
ఆపైన కరెంటు కంచె దాటి హాలండులో ఎవరికో.
ఆ ఆరూ ఎక్కడికి పోయాయో,
వాటినెవరు పేల్చారో, పక్కన ఎవరున్నారో
మాకెవరూ చెప్పలేదు.
యుద్ధం అయ్యాక బ్రసెల్స్ నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది.
పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి
అది మగవాడి పేరయింది. దిద్దించుకోలేదు.
మీగడ డబ్బా కింద పరుచుకుంది.

కానీ నాకు గుర్తున్నది అది కాదు.
అదే మార్చి. పొయ్యి దగ్గర టర్నిప్‌లు తరుగుతూ
ఉన్నట్టుండి కత్తి పక్కనబెట్టి వేళ్ళు మడిచింది.
"ఈపాటికి నెలలు నిండుంటాయి."
"ఎవరికి?"
బదులు చెప్పలేదు. పురుళ్ళ పుస్తకం దింపింది.
తేదీ వేసింది.
తల్లి పేరు దగ్గర ఖాళీ వదిలింది,
తండ్రి పేరు దగ్గర ఖాళీ,
ఆడా మగా అన్నచోట
పెన్సిలు ఆనించి చాలాసేపు ఉంచి,
తీసేసింది.