నలభై ఒకటో సంచిక

ఆదివారం ఆబిడ్స్‌లో
దించిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద
ఇంజనీరింగ్ గైడ్ల గుట్ట కింద
ఊరగాయల పుస్తకానికీ ఎవరిదో పెళ్లి ఆల్బమ్‌కీ మధ్య
రాగిరెక్క దొరికాడు.

నలభై ఒకటో సంచిక. వెల రూపాయిన్నర.
రంగు అచ్చు తప్పి
రెక్క గీతలోంచి జరిగి పక్కన ఎగురుతోంది.
చిన్నప్పుడు మేం దాన్నే వేగం అనుకున్నాం.

ముట్టుకునే ముందు వైకుంఠం
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
లోపల ఊదారంగు ముద్ర ఇంకా చెరగలేదు:
భవానీ అద్దె పుస్తకాలు, బర్కత్‌పుర.
రోజుకు పావలా. పేజీలు మడవరాదు.

పగలు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే గుమాస్తా
రాత్రయితే మౌలాలి గుట్ట మీంచి దూకేవాడు.
ఒక్క పావలాకి ముగ్గురం.
అష్ఫాఖ్ పేజీ తిప్పాలి, నేను మాటలు చదవాలి,
చప్పుళ్లన్నీ వైకుంఠానివి:
ఢమాల్. ఝుయ్యిఁ. ఫట్.

ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు.
నున్నటి కాగితం, నాలుగొందలు,
కొత్త కథ.

"కథనా అది?" వైకుంఠం గొంతు
పక్క గుట్ట దగ్గర బేరాన్ని ఆపేసింది.
"రెక్క తీసేసుడేంది? హీరో సిటీబస్సుల నిలబడి పోవుడేంది?
మూడు పేజీలు దవాఖానల, తల్లి స్కాన్ కోసం లైన్ల కూసుంటడు!
చప్పుడు చేద్దామంటె ఒక్క గుద్దు లేదు."

"ఆ మూడు పేజీలే నేను మళ్లీ మళ్లీ చూస్తా అంకుల్"
అంది రుబీనా, అష్ఫాఖ్ మేనకోడలు,
మాసబ్‌ట్యాంక్‌లో బొమ్మలు నేర్చుకుంటోంది.
"బొమ్మ బొమ్మకీ టోకెన్ నంబరు ఒక్కటే పెరుగుతుంది.
వెనక గోడ మీద రెక్క నీడ వేశారు, చూళ్లేదా?"

"నీడకు నాలుగొందలా?"

నేను ఇద్దరికీ తలూపాను.
నాకు ఈ పాత కాగితం వాసన కావాలి,
ఆ కొత్త బొమ్మలో తల్లి చెప్పులు విడిచిన తీరూ కావాలి.

అష్ఫాఖ్ మాత్రం పలకలేదు.
పుస్తకం చివరికి తిప్పి పట్టుకున్నాడు.

ముప్పై రెండో పేజీ లేదు.
అది మాకెప్పుడూ లేదు.
ముప్పై ఒకటిలో వాడు మూసీ వంతెన మీంచి పడుతుంటాడు, అంతే.
ముప్పై ఎనిమిదేళ్లుగా వైకుంఠం వాణ్ని
నీళ్లకి జానెడు పైన లేపుతూనే ఉన్నాడు.
నేనొక పడవ పెట్టాను.
మూసీల పడవేందిరా అని తిట్లు తిన్నాను.

చిరిగిన అంచు పైన తిన్నగా ఉంది, కింద వంకర.
ఆ వంకర మీద అష్ఫాఖ్ వేలు నడిచింది,
చీకట్లో సొంతింటి మెట్లు దిగే కాలులా.

"నేనే చింపిన."

ఎవరం ఏమీ అనలేదు.
పుస్తకాలాయన గుట్ట మీద దుమ్ము దులిపాడు.

"మీకన్న ముందు ఒక్కణ్నే చూసిన ఆ రోజు.
లేవడురా వాడు. రెక్క ఇరుగుతది.
ఒడ్డుకొచ్చి, తడిబట్టల్తోని
బస్సుకని చిల్లర లెక్కపెట్టుకుంటడు.
మీరు చూడొద్దనుకున్న."

వైకుంఠం ముఖంలోకి చూడలేక
నేను రోడ్డు వైపు తిరిగాను.
చాలాసేపటికి అతని గొంతు:
"ఏ నంబరు బస్సు?"

"తెల్వదు. బస్సు సగమే గీసిండు."

చివరి పేజీ లేదు కదా అని
రుబీనా ముప్పై రూపాయలు తగ్గించమంటోంది.
ఆ పేజీ ఇప్పుడెక్కడుందని నేనడగలేదు.
వైకుంఠం అడిగినంతా ఇచ్చేసి
పుస్తకం చొక్కాలోపల పెట్టుకున్నాడు, అప్పట్లాగే.

నడుస్తున్నాం.
పెదాల మధ్య ఏదో ప్రయత్నిస్తున్నాడు,
సరిగ్గా రాక, మళ్లీ మొదలుపెట్టి,
చాలా మెల్లగా,
తడి చేతిలో నాణేల చప్పుడు.