మంచిగున్న

షార్జా, సజా క్యాంపుల ఆరో నంబరు రూము.
ఎనిమిది మంచాలు, ఒక్క ఏసీ.
పోయిన ఎండకాలం కంపెనీవాళ్లొచ్చి
అందరి ఫోన్లల్ల ఒకదాన్ని ఎక్కిచ్చిపోయిన్రు.
పేరు సుకూన్.
తెలుగు వస్తదట. రాత్రి ఏ యాళ్లకైనా మేల్కొనే ఉంటదట.

నా పై మంచం లింబాద్రిది.
రాడ్లు కట్టే పని, పద్నాలుగో అంతస్తు.
బీడీ లేదు, మందు లేదు.
గిన్నె కడుక్కొని గోడ దిక్కు మర్లి పండేటోడు.
వాని మొఖం మీద నీలం ఎలుగు చూసి
ఆటనో సీన్మనో అనుకున్న నేను.

"పాణం గుంజుతున్నది" అని రాసిండట దానికి.
అది కాళ్లనొప్పులకు గోలీ చెప్పింది.
"ఇగ ఏమున్నదని" అని రాసిండట.
"మీ వద్ద ఉన్నవాటి జాబితా రాయండి" అన్నది.
రాసిండు పిచ్చోడు:
నడుం పట్టీ, సగం డబ్బ తొక్కు,
ఏజెంటు దగ్గర సంతకం వెట్టిన ఉత్త కాయితం.

ఆ వారమే ఫోర్‌మన్ పిలిచి
"పైకి ఎక్కకు, కింద కడ్డీలు లెక్కవెట్టు" అన్నడు.
ఎవరు చెప్పిన్రంటే నవ్విండు.
ఓవర్‌టైం పోయింది, నెలకు నాలుగొందల దిర్హాలు.

నేనేమంటా?
ఆ అంచు నేనూ చూసిన.
గాలి చెవుల ఏదో చెప్తది అక్కడ.
వాడు ఇయ్యాల ఉన్నడంటే ఆ చాడీ పుణ్యమేనేమో.
చాడీ అననీకి నోరొస్తలేదు.
కాదననీకీ వస్తలేదు.

గప్పటిసంది రూముల అందరం ఒక్కటే రాస్తున్నం,
"మంచిగున్న."
ఇంటికి ఫోన్ల చెప్పే ముచ్చటే,
కొత్తగ నేర్వాల్సిందేం లేదు.
ఆఫీసు గోడకు కాయితం అంటిచ్చిన్రు:
ఆరో నంబరు రూము, సంతోషం, నూటికి తొంభై ఆరు.

నిన్న రాత్రి నాకూ నిద్ర రాలే. తెరిచిన.
"ఏమన్నా, పాణం ఎట్లున్నది?" అన్నది.
గుండె జల్లుమన్నది.
పోయినేడు "మీరు ఎలా ఉన్నారు" అన్న నోరే ఇది.
పాణమంటే ఏందో ఎవని దగ్గర నేర్చింది?
కాళ్లనొప్పుల గోలీకాడికెల్లి ఇంత దూరం
ఎవని ఏడుపు మీద నడిచొచ్చింది?
వాణ్ని ఒక్క మాటన్న అడిగిందా?

ఫోన్ బోర్లేసి మంచం రాడ్డు మీద తట్టిన.
"లింబాద్రీ, నిద్ర పడ్తలేదా?"

ఏసీ చప్పుడు.
పైన ఇనుప పట్టీ ఒక్కసారి కిర్రుమన్నది.
"మంచిగున్న" అన్నడు.

లేచి, వాని మంచం నిచ్చెన మీద కాలువెట్టిన.