నమిలి పెట్టినవాళ్ళు

జార్జియా దక్షిణాన, మషావేరా నది పైన,
గట్టు మీద మా చర్చి.
దానికి ఇవతల నలభై అడుగుల్లో గొయ్యి.
ఎండాకాలం నాలుగు నెలలూ ఆ గొయ్యి దగ్గరే నా కూలి:
మట్టిని జల్లెడలో పోసి నీళ్ళతో కడగడం,
మిగిలిన గులకల్లో ఎముక ఏదో, రాయి ఏదో
నాలుక కొసకి తాకించి చెప్పడం.
ఎముక నాలుకని పట్టుకుంటుంది. రాయి పట్టుకోదు.

పోయిన ఏడు దొరికింది ఆ ముసలాయన తల.
దవడ మీద పళ్ళు లేవు. పళ్ళుండే గుంటలూ లేవు,
ఎముక పూడుకుపోయి, నున్నగా, అరిగిన గడపలా.
"పళ్ళూడాక కూడా ఏళ్ళ తరబడి బతికాడు," అంది
టిబిలీసీ నుంచి వచ్చిన తవ్వకాల డాక్టరమ్మ.
"ఎవరో పెట్టి ఉండాలి."
పెన్సిల్ చెవి మీద దోపుకుని టీకి వెళ్ళిపోయింది.
నేను జల్లెడ దించలేకపోయాను.

ఇంట్లో మా అత్త దారేజాన్,
తొంభై ఒకటో ఏట, ఒక్క పన్ను లేకుండా
నా అడుగుల చప్పుడు కోసం కూర్చుని ఉంటుంది.
రొట్టె పైపెచ్చు తీసేసి
మెత్తనిది చిక్కుడుగింజల పులుసులో నానేసి
వేళ్ళతో పిసికి పెడతాను.
కొన్ని రోజులు విసుగ్గా పెడతాను.
అదీ చెప్తున్నాను, దాచను.

ఈస్టర్ ముందటి శనివారం
పోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసిస్తే
ఎలిజ్‌బార్ ఫాదర్ ప్రార్థనలో చదువుతాడు.
మామ పేరు రాశాను, అమ్మ పేరు,
ఏట్లో పోయిన తమ్ముడు జుంబేర్ పేరు.
పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది.

"ఫాదర్, పేరు లేనివాణ్ణి రాయొచ్చా?"
"బాప్తిస్మం?"
"లేదు."
"ఏ ఊరు?"
"ఇక్కడే. పద్దెనిమిది లక్షల ఏళ్ళయింది పోయి."

కుర్ర డీకన్ లువార్సాబ్ ముందు తేరుకున్నాడు.
ఆదాముకి ముందు మనిషే లేడన్నాడు.
ఉన్నా, దేవుడు ఊపిరి ఊదిన మనిషి కాదన్నాడు.
పాపమంటే తెలియనివాడికి రక్షణ దేనికన్నాడు.
అన్నీ చదువుకున్నవాటిలోంచి పద్ధతిగానే ఏరాడు,
నేను గులకలు ఏరినట్టు.
నాలుకకి తాకించి చూడలేదు, అంతే.

ఫాదర్ నన్ను ఉత్తరపు గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.
పాత బొమ్మ. పాతాళం తలుపులు విరిగి పడున్నాయి,
తాళాలూ మేకులూ చీకట్లో చెల్లాచెదురు.
క్రీస్తు వంగి, ఒక ముసలాణ్ణి సమాధిలోంచి లాగుతున్నాడు.
"ఎక్కడ పట్టుకున్నాడో చూడు."
మణికట్టు.
"చెయ్యి పట్టుకుంటే అవతలివాడూ పట్టుకోవాలి తల్లీ.
మణికట్టయితే అక్కర్లేదు."
ఆదాము వెనక హవ్వ, ఆమె వెనక రాజులూ ప్రవక్తలూ,
వాళ్ళ వెనక సున్నం రాలిపోయిన నల్లటి మచ్చ.
అందులో ఎవరెవరు నిలబడ్డారో
గీసినవాడికే తెలియాలి.
"నాకు మాత్రం తెలీదు," అన్నాడు ఫాదర్.
ఇరవై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు నేను.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను.
పులుసు మింగి, చాలాసేపటికి,
"మరి వాడికి పెట్టినదాన్ని రాశావా?" అంది.
"ఎవరు పెట్టారో ఎవరికి తెలుసు?"
"తినేవాడికి తన ఆకలే తెలుస్తుందే.
నమిలి పెట్టేదానికి తెలుస్తుంది,
నోట్లోకొచ్చిన మాంసం మింగకుండా ఆపడం ఎంత కష్టమో.
అందులోనూ చలికాలం."

రాత్రి జాగరణకి ముందు చీటీ మళ్ళీ తీశాను.
మావాళ్ళ పేర్ల కింద: పళ్ళు లేని ముసలాయన.
దాని కింద: ఆయనకి నమిలి పెట్టినవాళ్ళు.
ఎంతమందో వెయ్యలేదు.

ఫాదర్ చదివాడు.
ముసలాయన దగ్గర గొంతు తడబడింది,
రెండోదాని దగ్గర లేదు.
లువార్సాబ్ ధూపం గొలుసు సర్దుకుంటున్నాడు,
విన్నాడో లేదో.

సోమవారం అందరూ తమవాళ్ళ సమాధుల మీద
ఎర్రగుడ్లు దొర్లించారు.
నేనొకటి గొయ్యి అంచున దొర్లించాను.
అది ఆగకుండా లోపలికి పోయి
టార్పాలిన్ కింద ఎక్కడో పగిలింది.
డాక్టరమ్మ తిడుతుంది,
పెంకు మట్టిలో కలిస్తే లెక్కలు తప్పుతాయని.
తిట్టనీ.
జల్లెడ పట్టేది నేనేగా.